నవ్వని పంక్చరత్త

"ఆమె ఎల్లప్పుడూ చిరునవ్వుతో ఉండేవారు."

క్లాస్ టీచరు ఆ ఒక్క వాక్యం పైకి చదివారో లేదో, క్లాసంతా గొల్లుమంది. వెనక బెంచీలో ఒకడైతే బల్ల మీద గుద్ది గుద్ది మరీ నవ్వాడు.

ముత్యాలుకి ఒళ్లు మండిపోయింది. ముత్యాలన్నది ఆ పిల్ల అసలు పేరు కాదు. అక్షరాలు ముత్యాల్లా రాస్తుందని అందరూ అలా పిలుస్తారు. స్కూల్లో ఎవరు రిటైరైనా, ఎవరికి బహుమతి వచ్చినా, చదవాల్సిన కాగితం రాసేది ఆ పిల్లే. ఈసారి పంక్చరత్త గురించి రాయమన్నారు.

స్కూలు గేటుకి ఎదురుగా ఉన్న సైకిల్ షాపు పంక్చరత్తది. ఇరవయ్యేళ్లు అక్కడే కూర్చుని బడిపిల్లల సైకిళ్లు బాగుచేసింది. కిందటి నెల జబ్బు చేసి చనిపోయింది. రేపు పొద్దున అసెంబ్లీలో అందరూ ఆమెను తలుచుకుంటారు. బస్సు కండక్టరుగా పనిచేసే ఆమె కూతురు సెలవు పెట్టుకుని మరీ వస్తోంది.

టీచరు కళ్లజోడు సర్దుకుని ఇంకో వాక్యం చదివారు. "'లెక్కలంటే మాకున్న భయాన్ని పోగొట్టారు.' ఏమ్మా, పంక్చరత్త నీకు లెక్కలు కూడా చెప్పిందా?"

మళ్లీ నవ్వులు. ముత్యాలు తల దించుకుంది. నిరుడు లెక్కల సారు రిటైరైనప్పుడు రాసిన కాగితమే అది. సారు అన్నచోటల్లా అత్త అని పెట్టింది. ఆ లెక్కల ముక్క తీసెయ్యడం మర్చిపోయింది. కాపీ కొట్టడమే తప్పంటే, అదీ తిన్నగా కొట్టలేదు మహాతల్లి!

"అన్నీ మంచి మాటలేగా టీచర్! ఎవరికైనా సరిపోతాయి," అని గొణిగింది.

"అదేనమ్మా వచ్చిన చిక్కు," అంటూ టీచరు కాగితం తిరిగి ఇచ్చేశారు. "వాళ్లమ్మాయి ఇవాళ షాపు సర్దుతోంది. వెళ్లి కనుక్కుని రాయి."

బడి వదలగానే ముత్యాలు విసవిసా రోడ్డు దాటింది. కష్టపడి ఇంత అందంగా రాసిస్తే, దానికీ వంకలే!

షాపు షట్టరు సగం ఎత్తి ఉంది. లోపల కండక్టరక్క పాత టైర్లు మూలకి లాగుతోంది. ముఖం చిటపటలాడుతోంది.

"సైకిల్ కోసమా? ఏ రంగుది?"

"కాదక్కా. రేపు చదివే కాగితం నేనే రాస్తున్నా. మీ అమ్మగారి గురించి చెబుతారా?"

"నన్నడుగుతావేంటమ్మా!" అక్క టైరు దబ్బున పడేసింది. "పొద్దున్నుంచీ ఇదే వరస. వచ్చినవాళ్లంతా దేవత, దేవత అంటారు. మా అమ్మ దేవతేంటి? కోపమొస్తే చేతిలో స్పానరు గిరాటేసేది. ఒక్కళ్లంటే ఒక్కళ్లు మా అమ్మ గురించి చెప్పరేం?"

ముత్యాలు బిక్కమొహం వేసింది. అది చూసి అక్క స్టూలు మీద కూలబడింది.

"నేను నిద్రలేచేసరికి అమ్మ ఇక్కడుండేది," అంది కాస్త తగ్గి. "ఇంటికొచ్చేసరికి ఒళ్లు హూనమయ్యేది. తిని పడుకునేది. రోజంతా ఇక్కడ ఏం మాట్లాడేదో, ఎవర్ని తిట్టేదో నాకేం తెలుసు? మీకే తెలుసు. అది వినాలనే సెలవు పెట్టుకున్నా. రేపు కూడా ఎల్లప్పుడూ చిరునవ్వు అన్నారో, లేచి వెళ్లిపోతా!"

ముత్యాలు చేతిలో కాగితాన్ని గబుక్కున వెనక్కి దాచుకుంది.

ఇంటికొచ్చి పెన్ను పట్టుకుని కూర్చుంది. పంక్చరత్త గురించి నిజంగా తెలిసింది ఒక్కటే ఉంది. అది రాస్తే ఉన్న పరువు కాస్తా పోతుంది.

"ఆ పెన్నేం పాపం చేసిందే, అలా నములుతున్నావు?" అంది అమ్మ.

"అమ్మా, చనిపోయినవాళ్ల గురించి తిట్లు కూడా రాయొచ్చా?"

"ఎవరు ఎవర్ని తిట్టారు?"

ముత్యాలు కాసేపు గోళ్లు కొరికి, ఏమైతే అదైందని రాయడం మొదలుపెట్టింది.

మర్నాడు అసెంబ్లీలో ముత్యాలు మైకు ముందు నిలబడి కాగితం విప్పింది. కండక్టరక్క ముందు వరసలో, బ్యాగు ఒళ్లో పెట్టుకుని, లేచిపోవడానికి సిద్ధంగా కూర్చుంది.

"పంక్చరత్త నాతో ఎప్పుడూ నవ్వలేదు," అని చదివింది ముత్యాలు. "కిందటేడు నా సైకిల్ పంక్చరైంది. బాగుచేసి పెట్టమన్నాను. ట్యూబు నా చేతిలోనే పెట్టి, నీళ్లలో ముంచి చిల్లు వెతుక్కోమంది. చేతులకి మసి అవుతుందన్నాను. 'మసైతే కడుక్కుంటావు. నడిరోడ్డు మీద పంక్చరైతే నన్ను జేబులో వేసుకు తిరుగుతావా?' అంది."

హెడ్మాస్టరు గట్టిగా దగ్గారు. ముత్యాలు ఆగలేదు.

"నేను అతికించిన ప్యాచ్ ఊడబీకేసింది. రెండోదీ పీకేసింది. నాకు కోపమొచ్చి, మెల్లగా 'రాక్షసి' అన్నాను. ఆవిడకి వినిపించింది. 'రాక్షసినే. గరుకు కాగితంతో ఇంకాస్త రుద్దు' అంది. మూడో ప్యాచ్ నిలిచింది. తర్వాత సారీ చెబుదామనుకున్నాను. రోజూ షాపు ముందు నుంచి వెళ్తూ, రేపు చెబుదాంలే అనుకున్నాను. చెప్పలేదు."

ముత్యాలుకి అక్క ముఖం చూడాలంటే భయమేసింది.

"మూడోది అతికించాక ఏమంది?" కూర్చున్నచోటి నుంచే అడిగింది అక్క.

"ఏమీ అనలేదక్కా. ఊఁ అంది."

"ఊఁ అని, ముఖం అటు తిప్పుకుందా?"

"అవును. మీకెలా తెలుసు?"

అక్క బ్యాగు పట్టీ వేలికి చుట్టుకుంది. "నాకు ఉద్యోగం వచ్చిందని చెప్పినప్పుడు అలాగే ఊఁ అని తిరిగిపోయింది. నేను కండక్టరవడం అమ్మకి నచ్చలేదనుకున్నా, ఇన్నాళ్లూ."

"అయ్యో, కాదక్కా!" ముత్యాలు కాగితం సంగతే మరిచిపోయింది. "ఊఁ అంటే చాలా బాగుందని! అంతకన్నా ఎవర్నీ ఏమీ మెచ్చుకునేది కాదు. కావాలంటే వీళ్లని అడగండి!"

"అవునక్కా!" అని పిల్లలంతా ఒక్కసారే అరిచారు. "నాతో ఒక్కసారే ఊఁ అంది!" "నాకు నాలుగు ప్యాచ్‌లు పీకేసిందక్కా!" "నాతో అయితే అసలు ఊఁ అననేలేదు!"

అక్క కళ్లు తుడుచుకుంటూ, బ్యాగు తీసి పక్కన పెట్టింది.

"ఒక్కొక్కళ్లు చెప్పండ్రా బాబూ, అక్కకి వినబడొద్దూ!" అని విసుక్కుని, ముత్యాలు పక్కకి జరిగి, ముందున్న చిన్నవాడికి మైకు అందేలా వంచి పట్టుకుంది.