తువ్వాలు కింద బేరం

భీమశంకరరావు తెల్ల అంబాసిడర్ దిగగానే నాగమణి పకపకా నవ్వింది. అది చూసి కొండలరావుకి ఒళ్ళు మండిపోయింది. మూడేళ్ళుగా ఆమె ఎదుటి బల్ల దగ్గరే పనిచేస్తున్నాడు. తనకి ఏనాడూ చిరునవ్వు దాటి ఏమీ దక్కలేదు.

ఉక్కు ఫ్యాక్టరీ ఇంకా లేస్తున్న రోజులవి. గోపాలపట్నంలో నాగమణి తండ్రి చలమయ్య తన ఇంటర్‌కమ్ కంపెనీని అమ్మకానికి పెట్టాడు. పోర్టు ఆఫీసుల్లో గదికీ గదికీ మధ్య మోగే ఫోన్లన్నీ వాళ్ళు బిగించినవే. కొనడానికి వచ్చింది ఇద్దరు. హైదరాబాదు పెద్ద కంపెనీ తరఫున భీమశంకరరావు. తోటి పనివాళ్ళ హామీతో బ్యాంకుని నాలుగు లక్షలకి ఒప్పించిన ఇంజనీరు కొండలరావు. ఆపైన అతని దగ్గర పైసా లేదు.

కవర్లూ టెండర్లూ చలమయ్యకి పట్టవు. పశువుల సంతలో పెరిగిన మనిషి.

"మా అయ్య ఎడ్లని ఎలా అమ్మినాడో నానూ అలాగే అమ్ముతాను. తువ్వాలు కింద సెయ్యెట్టి ఏళ్ళు పట్టుకోవాల. ఒక్కో యేలు ఒక్కో లచ్చ. పక్కోడికి తెలీకూడదు," అన్నాడు. తన కుడిచేతికి కట్టు ఉందని, బదులుగా కూతుర్ని కూర్చోబెట్టాడు.

ముందు భీమశంకరరావు కూర్చున్నాడు. "నాకీ లెక్క రాదండీ. కాస్త నేర్పుదురూ?"

"చూపుడు వేలు పట్టుకుంటే ఒకటి," అంది నాగమణి.

"ఆహా! మరి రెండైతేనండీ?"

గంజి పెట్టిన తువ్వాలు కదులుతూనే ఉంది. ఉన్నవి అయిదు వేళ్ళు. వాటికి ఇంతసేపా?

"ఏటి బావా, అలా సెమటలు కక్కుతన్నావ్?" కొండలరావు చెవిలో అన్నాడు లైన్‌మన్ గవర్రాజు. "ఫేనెయ్యమంటావా?"

"నోర్ముయ్!"

తన వంతు రాగానే కొండలరావు తువ్వాలు కింద చెయ్యి దూర్చి ఆమె అయిదు వేళ్ళూ గట్టిగా పట్టుకున్నాడు. నాగమణి బొటనవేలు లాగేసుకుంది. మళ్ళీ పట్టుకున్నాడు. మళ్ళీ లాక్కుని, ఈసారి గిల్లింది కూడా.

కంపెనీ ఆయనకే దక్కాలన్నమాట! కొండలరావు విసురుగా లేచి వరండాలోకి పోయాడు. బయట వాన.

తువ్వాలు తలమీద కప్పుకుని నాగమణి వెనకే వచ్చింది.

"బుద్ధుందా? అయిదో లక్ష ఎక్కణ్ణుంచి తెస్తావు? కూర్మన్నపాలెంలో మీ అమ్మ ఇల్లు అమ్మేస్తావా?"

"మరి ఆయన్ని సూసి నవ్వినావు కదేటి?"

"కారు దిగుతూనే పేడలో కాలేశాడు. నవ్వొద్దా?"



"మణీ, ఎవరెంత?" లోపల్నించి చలమయ్య కేక.

"ఆయనది అయిదు నాన్నా. ఇతనిది... నాలుగు."

కొండలరావు తల దించుకున్నాడు. లోపల మాటలు స్పష్టంగా వినిపిస్తున్నాయి.

"కొన్నాక మావోళ్ళని ఏటి సేత్తారు బాబూ?"

"అంతా హైదరాబాదు తరలించేస్తామండీ. ఇక్కడి మనుషులతో పనుండదండి."

"అయితే ఒగ్గెయ్యండి. ఎద్దునైనా ఎవరి సాలకి పోతాదో సూసే తాడు సేతికిత్తాం. కంపెనీ కొండలరావుది."

"ఊరికే లక్ష పోగొట్టుకుంటున్నారండీ!"

"నా కూతురు ఎప్పుడో పోగొట్టీసింది బాబూ. కొండలరావు వంతులో తువ్వాలు ఊగినప్పుడే తెలిసినాది."

నాగమణి ముఖం ఎర్రబడింది. తువ్వాలు కొంగు చాటున ఆమె చెయ్యి వచ్చి కొండలరావు చేతిలో దూరింది, అయిదు వేళ్ళతో.

"ఈసారి బొటనేలు లాక్కోవా?"

"ఊహూఁ."

గుమ్మంలో దగ్గు వినబడింది. చలమయ్య చేతికట్టు విప్పి ఆ గుడ్డని చుట్టగా చుడుతున్నాడు. కింద చెయ్యి నున్నగా ఉంది, గీతైనా లేదు.

"దెబ్బేది మావా?" నోరు జారాడు కొండలరావు.

"పొద్దుట్నించీ నీ మొకం మీదుంది కదరా," అన్నాడు చలమయ్య. "ఇప్పుడే తగ్గింది."