నలభై ఒకటో రోజు

"జానీబీ గారి రిపోర్టండీ. వెతకడం కష్టమైతే నేనూ ఓ చెయ్యి వేస్తా," అన్నాడు అమానుల్లా, కౌంటరు మీద మోచెయ్యి ఆనించి.

కౌంటరు వెనకున్న అమ్మాయి నవ్వలేదు. సొరుగు లాగి అట్టడుగునున్న కవరు తీసి అతని ముందు పెట్టింది.

"వెతకక్కర్లేదు సార్. నలభై ఒక్క రోజుల నుంచి రోజూ చూస్తూనే ఉన్నా దీన్ని."

"అబ్బో! రోజులు కూడా లెక్కపెట్టారే!"

"మూడుసార్లు ఫోన్ చేశాను. మూడుసార్లూ 'రేపొస్తానండీ' అన్నారు. మీ రేపు ఇంత దూరంలో ఉంటుందని నాకేం తెలుసు?"

వెనక క్యూలో ఎవరో కిసుక్కుమన్నారు. అమానుల్లాకి ఒళ్ళు మండింది. వినుకొండలో మోటార్ వైండింగ్ షాపున్న మనిషి తను. కాలిపోయిన బోరు మోటారు తీసుకుని రైతులు తన కోసం ఎదురుచూస్తారు. ఈ పిల్లేంటి, అందరిముందూ!

"షాపులో బిజీగా ఉన్నానండీ. మర్చిపోయా."

ఆ అమ్మాయి అతని మొహంలోకి చూసింది. కోపంగా కాదు. అదే అతనికి నచ్చలేదు.

"మర్చిపోలేదు, భయపడ్డారు. ఇవాళే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. రేపు కాదు."

ఆమె పేరు గుల్షన్. ఆమె అన్నది నిజం.

అమానుల్లా ఫోన్లో 'చేయాల్సినవి' అని ఒక లిస్టు ఉంది. అందులో ఇరవై మూడు పనులున్నాయి. ఆధార్‌లో అడ్రసు మార్పు, అమ్మ కళ్ళజోడు, బాత్రూమ్ గొళ్ళెం, కోటి దగ్గర తెచ్చిన డ్రిల్లింగ్ మెషీన్ తిరిగివ్వడం, పన్ను పీకించుకోవడం... తొమ్మిదోది 'అమ్మ రిపోర్టు'. మిగతావన్నీ బద్ధకం వల్ల ఆగాయి. తొమ్మిదోది అలా ఆగలేదు. అమ్మ చంక కింద గడ్డలోంచి సూదితో ముక్క తీసిన రోజు డాక్టరు మొహం అతను చూశాడు. ఆ తర్వాత ల్యాబు ముందు నుంచి ఎన్నోసార్లు బండి మీద వెళ్ళాడు. ఒక్కసారీ ఆగలేదు. ఇంటికెళ్ళాక అమ్మ "వచ్చిందా నాన్నా?" అనడిగేది. "లేదమ్మా, ల్యాబు వాళ్ళు లేట్ చేస్తున్నారు," అనేవాడు.

గుంటూరులో పెద్ద డాక్టరు రిపోర్టు మీద తేదీ చూసి, అతన్ని చూసి, "ఇంకాస్త ముందొస్తే బావుండేది," అన్నాడు. ఎంత ముందు, ఎంత బావుండేది అని అమానుల్లా అడగలేదు.

జానీబీ మిరపకాయల తొడిమలు తీసే పాతికమంది ఆడవాళ్ళకి మేస్త్రి. భర్త పోయాక ఆ ఘాటులో కూర్చునే కొడుకుని పెంచింది. డాక్టరు ఇంగ్లీషులో చెప్పింది విని, "క్యాన్సరేగా? తెలుగులోనే చెప్పొచ్చుగా," అంది.

మర్నాడు అమానుల్లా ల్యాబుకి వెళ్ళాడు. రిపోర్టులో ఒక మాటకి అర్థం అడిగాడు. అదొక వంక. గుల్షన్ అర్థం చెప్పింది. తర్వాత ఆస్పత్రిలో ఏ ఫారం ఎక్కడ ఇవ్వాలో కాగితం మీద రాసిచ్చింది. అతని చేతిలో తెరిచి ఉన్న ఫోన్ మీద ఆమె చూపు పడింది.

"ఏంటండీ ఇది, లిస్టా? తొమ్మిదోది తప్ప ఒక్కటీ కొట్టెయ్యలేదు!"

"నెమ్మదిగా చేద్దామని..."

"రోజుకొకటి చెయ్యండి. చేసి ఫోటో పంపండి."

"పంపకపోతే?"

"నంబర్ బ్లాక్ చేస్తా."

"అంటే నంబర్ ఇస్తున్నారన్నమాట!"

గుల్షన్ చెవులు ఎర్రబడ్డాయి. "నెక్స్ట్!" అని వెనక మనిషిని పిలిచింది.

గొళ్ళెం ఫోటో వెళ్ళింది. డ్రిల్లింగ్ మెషీన్ పట్టుకుని నోరు తెరిచి నిలబడ్డ కోటి ఫోటో వెళ్ళింది. కొత్త కళ్ళజోడు పెట్టుకున్న జానీబీ ఫోటో వెళ్ళింది. ఒకరోజు దూదిలో పీకిన పన్ను.

"ఛీ! ఇది కూడా పంపాలా?" అని మెసేజ్ వచ్చింది.

"రూల్ మీరు పెట్టిందేగా."

"నొప్పిగా ఉందా?"

ఆ చివరి మెసేజ్‌ని అతను చాలాసార్లు చదువుకున్నాడు. బయట వాన. ఇంట్లో అమ్మ తల దువ్వుకుంటోంది. దువ్వెన నిండా జుట్టు ఊడివస్తోంది. ఈ రెండూ ఒకే సాయంత్రం ఎలా జరుగుతాయో అతనికి అర్థం కాలేదు.

రెండోసారి కీమో మందు ఎక్కించాక ఇంటికొచ్చి రక్తం తియ్యాలన్నారు. గుల్షన్ వస్తుందని తెలిసి అమానుల్లా అమ్మ పక్కన కూర్చుని, "అమ్మా, వచ్చే అమ్మాయిని కాస్త చూడు," అన్నాడు. జానీబీకి అర్థమైంది. తలకి కొత్త చున్నీ చుట్టుకుని మంచం మీద లేచి కూర్చుంది.

గుల్షన్ నొప్పి తెలియకుండా సూది గుచ్చింది. జానీబీ ఆమె వేళ్ళకేసి ఇష్టంగా చూసింది.

"చెయ్యి చల్లనిదమ్మా నీది. ఎవరి పిల్లవి?"

"టైలర్ అలీ సాహెబ్ గారి అమ్మాయినండీ."

"మంచాయన. ఎక్కడ పనిచేస్తావు?"

"బస్టాండు దగ్గర ల్యాబులో."

జానీబీ మొహం మారిపోయింది. "నా రిపోర్టు నలభై రోజులు ఆపింది మీరేనా? డాక్టరేమన్నాడో తెలుసా? ముందొస్తే బావుండేదన్నాడు. పేదోళ్ళ ప్రాణమంటే అంత లోకువా అమ్మా మీకు?"

గుల్షన్ అమానుల్లా వైపు చూసింది. అతను గడప వైపు చూస్తున్నాడు. ఆమె సూది తీసి, దూది అద్ది, "కాసేపు నొక్కి పట్టుకోండి," అని లేచింది.

అతను వాకిట్లో ఆమెని అందుకున్నాడు.

"చెప్పలేదా మీరు?"

"చెబుదామనే..."

"ఇరవై రెండు పనులు అయ్యాయని నేను ఎంత సంతోషపడ్డానో! ఇది మీ లిస్టులో ఎందుకు లేదు?"

"రాస్తే చెయ్యాలి కదా."

"ఇంక ఫోటోలు పంపకండి," అని గుల్షన్ స్కూటీ ఎక్కింది. సన్నగా జల్లు పడుతోంది. ఆమె రెయిన్‌కోట్ కూడా వేసుకోలేదు.

లోపల జానీబీ అంది: "పిల్ల బాగుందిరా. కానీ ఆ ల్యాబు పిల్ల నా ఇంట్లోకి వద్దు."

పదకొండు రోజులు గడిచాయి. రోజూ పొద్దున చెబుదామనుకునేవాడు. అమ్మ వాంతి చేసుకుంటే రేపనుకునేవాడు, కాస్త అన్నం తింటే, ఇవాళ బాగుంది కదా, పాడుచెయ్యడం ఎందుకనుకునేవాడు.

పన్నెండో రోజు మేనమామ మాబు సాహెబ్ షాపులోకి గాలిదుమారంలా వచ్చాడు.

"ఒరేయ్, వెళ్ళి కడిగేసొచ్చా! ల్యాబులో పదిమంది ముందు అడిగా, రిపోర్టు ఆపి మా అక్క ప్రాణం తీశారు కదరా అని. ఓనరు గుడ్లు తేలేశాడు. ఆ పిల్లని రేపట్నుంచి రావద్దన్నాడు."

అమానుల్లా చేతిలో రాగితీగ ఆగిపోయింది. "ఆ అమ్మాయి ఏమంది మామా?"

"ఏమంటది? ఫోన్ కాల్స్ రాసుకునే రిజిస్టరంట, తియ్యబోయింది. మళ్ళీ లోపల పెట్టేసి తల దించుకుంది. తప్పు చేసినోళ్ళు ఏం మాట్లాడతారు?"

అమానుల్లా షట్టరు కూడా దించలేదు. ఇంటికెళ్ళి మంచం పక్కన నేలమీద కూర్చున్నాడు.

"అమ్మా, రిపోర్టు ఆలస్యం కాలేదు. నాలుగో రోజుకే వచ్చింది. ఆ అమ్మాయి మూడుసార్లు ఫోన్ చేసింది. వెళ్ళనిది నేను. నీకు అబద్ధం చెప్పిందీ నేనే."

జానీబీ గోడవైపు తిరిగి పడుకుంది. ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు కూడా కొడుకు చేతి నీళ్ళు తాగలేదు. పక్కింటి వెంకాయమ్మ వచ్చి తాగించింది.

మూడోరోజు పొద్దున ఆమే పిలిచింది.

"అమానూ, ఇట్రా. ఈ గడ్డ నాకు మిరప తొలికోతప్పుడే తగిలింది. అప్పుడు చెబితే ఆస్పత్రి అంటావు. పాతికమందికి పని పోతుంది. సీజను అయ్యాక చూద్దాంలే అనుకున్నా. నీకు చెప్పేసరికి కళ్ళాలు ఖాళీ అయిపోయినయ్."

"అమ్మా..."

"నా నెలలు నావి. నీ రోజులు నీవి. రెంటికీ ఆ పిల్ల ఉద్యోగం ఎందుకు పోవాలిరా? ఆటో పిలు."

వద్దన్నా వినలేదు. ల్యాబులో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఆయాసపడుతూనే, తొడిమలు తీసే ఆడవాళ్ళని అదిలించే గొంతుతో ఓనరుని పిలిచింది. అమానుల్లా అందరిముందూ నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఓనరు గుల్షన్‌కి ఫోన్ చేశాడు.

ఆమె తండ్రిని వెంటబెట్టుకుని వచ్చింది. జానీబీ ఆమె చెయ్యి పట్టుకుంది.

"అనరాని మాటన్నా తల్లీ. రిజిస్టరు చూపిస్తే పోయేదిగా?"

"మీ అబ్బాయి నోటితో వినాలి మీరు. నా రిజిస్టరులో కాదు."

జానీబీ కొడుకు వైపు తిరిగింది. "ఏరా, ఇంకేమన్నా దాచావా? ఉంటే ఇప్పుడే అడిగెయ్."

శాంపిల్ సీసాలు పట్టుకుని క్యూలో నిలబడ్డవాళ్ళంతా చూస్తున్నారు. అమానుల్లాకి చెమటలు పట్టాయి.

"గుల్షన్ గారూ, నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

"ఇక్కడా?" అంది గుల్షన్. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, పెదవి మాత్రం నవ్వుకి వంగింది. "మా నాన్ననడగండి."

అలీ సాహెబ్ మెడలోని టేపు సర్దుకుని జానీబీ మొహంలోకి చూశాడు. ఆ మొహంలో ఎంత టైముందో ఆయనకి తెలిసిపోయింది.

"వచ్చే శుక్రవారం చేద్దాం," అన్నాడు.

నిఖా జానీబీ మంచం పక్కనే జరిగింది. కొత్త మిరప ఎర్రబడే రోజుల్లో ఆమె పోయింది. పోయే ముందు నాలుగు నెలలూ కోడలి చేతి అన్నమే తిన్నది.

నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థన అయ్యి చుట్టాలు వెళ్ళిపోయాక, అమానుల్లా అరుగు మీద భార్య పక్కన కూర్చున్నాడు. ఎవర్నీ అడగని మాట అడిగాడు.

"రిపోర్టు వచ్చిన రోజే తీసుకుని ఉంటే అమ్మ బతికేదా?"

అబద్ధం చెప్పడం గుల్షన్‌కి తేలికే. అతనూ నమ్మేవాడు.

"తెలీదండీ. బతికేదేమో."

అతను తల వంచుకుని, అమ్మ పోయాక మొదటిసారి, గట్టిగా ఏడ్చాడు. గుల్షన్ ఊరుకోమనలేదు. దగ్గరికి జరిగి, అతను ఏడుస్తున్నంతసేపూ అతని వీపు మీద చెయ్యి ఉంచింది.