రాతి మీద పోగులు

ఆదివారం పొద్దున షెడ్డు తలుపు తీయగానే రజిత గుమ్మంలోనే ఆగిపోయింది. నల్లరాయి మీద వరసగా మాంసం పోగులు! ఈగలు ముసురుతున్నాయి. రాయంతా కొవ్వు జిడ్డు.

చందానగర్‌లో ఇంటి వెనకే వాళ్ల వడ్రంగి షెడ్డు. పూజామందిరాలు చేస్తారు. భర్త శివ చెక్క కోసి బిగిస్తాడు, వాటి తలుపులు నునుపు చేసేది రజిత. నలుగురు పడితే తప్ప కదలని ఆ రాయికి వెంట్రుకవాసి ఎత్తుపల్లం ఉండదు. దాని మీద శాండ్‌పేపర్ అంటించి రుద్దితేనే తలుపులోని వంకర తీరుతుంది. రోజూ ఎంత శుభ్రంగా తుడుచుకుంటుందో ఆ రాయిని!

"ఛీ! ఏంది మామా గీ గలీజు?"

శివ తండ్రి సాయిలు కత్తి కడుగుతూ నవ్వాడు. బస్తీవాళ్లతో కలిసి మేకపోతును కోసి, సమంగా పోగులు పెట్టి పంచడమంటే ఆయనకు మహా సరదా.

"బయట వాన పడుతున్నది బిడ్డా. గీ రాయి సాపుగ ఉన్నది గదా అని పెట్టిన. మొద్దు మీదనే కొట్టిన, రాయికి దెబ్బ తగల్లే."

"జిడ్డు అంటితే తలుపుకు పాలిష్ పడతదా? దేవుని తలుపులు పెట్టే రాయి! నిన్ను చూస్తేనే రోత పుడుతున్నది. మనిషివేనా నువ్వు?"

సాయిలు ముఖం మాడిపోయింది.

అంతలో మణికొండలో ఉండే అనసూయమ్మ కారు దిగింది. తాను చేయించుకుంటున్న మందిరం చూద్దామని వచ్చిన ఆవిడ, గుమ్మంలోనే కొంగుతో ముక్కు మూసుకుంది.

"అయ్యో, ఇలాంటి చోటా మా దేవుడి మందిరం చేస్తున్నారు? ముందే చెప్పొద్దాండీ!"

పోగులను, సాయిలును, రజిత చేతులను ఆవిడ ఒకే ఏవగింపుతో చూసింది. రజితకు చెంప ఛెళ్లుమన్నట్టయింది. ఇందాక మామను తానూ అలాగే చూసింది.

సాయిలు చేతులు జోడించాడు. "తప్పు నాదమ్మా. కోడలికి తెల్వదు. నేను ఇయ్యాల్నే బాలానగర్ల నా బిడ్డ ఇంటికి పోత. కోడలి పని చెడగొట్టకుండ్రి."

రజితకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"మా మామ ఎక్కడికీ పోడండి. రాయి మీద పెట్టుడు తప్పే, కడుగుతం. మేం మాంసం తింటం, దేవుని మందిరాలు గూడ చేస్తం. ఇష్టముంటేనే తీసుకోండి."

అనసూయమ్మ వెనక్కి తిరిగింది. కారుతో పాటే ఆ బేరమూ పోయింది.

రజిత వేడినీళ్లు, సర్ఫ్ తెచ్చింది. బ్రష్ అందుకోబోయిన సాయిలు చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది.

"గంత మాట ఎట్లన్న మామా నిన్ను..."

"ఊకో బిడ్డా. ముందుగాల గివి ఎత్తనీయి," అన్నాడాయన గిన్నె అందుకుంటూ.

ఆ వాసనకు ఆమెకు ఇంకా వాంతి వచ్చేలాగే ఉంది. అయినా రెండు చేతులా ఒక పోగు ఎత్తి, ఆయన పట్టిన గిన్నెలో వేసింది.