తీసేసిన గొంతు

పెళ్ళిచీర కొన్నప్పుడు కూడా రోజలిన్ ఇంత తర్జనభర్జన పడలేదు. లాప్‌టాప్‌లో రెండు సాఫ్ట్‌వేర్‌లు తెరిచి పెట్టుకుంది. పొద్దుట్నుంచీ ఇదొకసారి, అదొకసారి. పాటలు ఇంట్లోనే రికార్డు చేసుకోవాలంటే ఏదో ఒకటి ఖాయం చేసుకోవాలి మరి. మొదటిది ఉచితం. బూడిదరంగు తెర, ఎద్దులాంటి ఓపిక. అన్నీ మనమే చేసుకోవాలి. రెండోది కొనాలి, ప్రస్తుతానికి ట్రయల్. మీట నొక్కితే చాలు, గొంతుకి మెరుగు అదే పెడుతుంది.

రెండోదాంతో ఒకటే చిక్కు. అది స్టెఫీ వాడేది.

స్టెఫీ ఆమె తోటికోడలు. పెందుర్తిలో ఒకే ఇల్లు, కింద రోజలిన్, మేడమీద స్టెఫీ. రోజలిన్ పెళ్ళై వచ్చిన దగ్గర్నుంచీ చర్చిలో క్రిస్మస్ పాటకి లీడ్ ఆమెదే. ఈమధ్య స్టెఫీ దుప్పట్లో దూరి రికార్డు చేసుకున్న పాట ఒకటి ఫోన్లలో తిరిగి తిరిగి గాజువాక దాకా పోయింది. దాంతో పాస్టరుగారు, ఇద్దరూ కలిసి పాడి పంపండమ్మా, విని ఈసారి లీడ్ ఎవరో చెబుతాను అన్నారు. అసూయా అని అడిగితే రోజలిన్ ఒప్పుకోదు. అన్నం మాత్రం సయించడం లేదు.

"ఏటే, ఇంకా తేలలేదా? స్టెఫీని అడిగితే సిటికెలో సెప్తాది కదా," అన్నాడు టిమోతి, స్టీల్‌ప్లాంట్‌లో మధ్యాహ్నం బి షిఫ్టుకి బూట్లు వేసుకుంటూ.

"నాను అడగను. మీరెళ్ళండి, బస్సు పోతాది."

"ఆ పిల్లది తేనెలాంటి గొంతే!"

"అయితే రేపట్నుంచి కేరేజీలో ఆ తేనే పోయించుకోండి."

మొగుడు నవ్వుకుంటూ పోయాడు. ఆమె నవ్వలేదు.

బయట ముసురు. వీధి చప్పుడు రాకుండా పడకగది కిటికీలకి పాత బొంతలు వేలాడదీసింది. తలుపు వేస్తే మధ్యాహ్నమైనా గది నుయ్యిలా ఉంది. చెమ్మ పట్టిన దూది వాసన, నాఫ్తలీన్ వాసన. బొంతలు ఆపలేనిది ఒక్కటే... పైనుంచి వచ్చే స్టెఫీ పట్టీల చప్పుడు, దాని వెనకే కూనిరాగం.

ఒకే పాటని రెండింట్లోనూ వేసి చూద్దామనుకుంది. ఆదివారం చర్చిలో ఇద్దరూ కలిసి పాడిన పాట ఫోన్లో ఉంది. బూడిదరంగుది ఫ్యాను హోరు తగ్గించింది, అంతే. ఇద్దరి గొంతులూ అలాగే ఉన్నాయి, పక్కపక్కనే. స్టెఫీది పిసరంత పైన.

రెండోదాంట్లో వేసింది. 'తీసెయ్యాల్సిన శబ్దం ఎలా ఉంటుందో చూపించండి' అంది తెర. ఎవరూ పాడని చోటు చూపించాలి. అక్కడుండే హోరుని అది నేర్చుకుని, పాటంతటా ఏరి పారేస్తుంది. ఆ సంగతి రోజలిన్‌కి తెలుసు.

తెలిసే, రెండో చరణంలో స్టెఫీ ఒక్కతే పాడిన చోటు చూపించింది. ఊరికే. ఏమవుతుందో చూద్దామని.

మీట నొక్కింది.

పాటలో స్టెఫీ లేదు. తీసేసిన జాడ కూడా లేదు. కడిగిన ముత్యంలా రోజలిన్ గొంతొక్కటే. కళ్ళు మూసుకుని వింది. మళ్ళీ వింది. కడుపు చల్లబడింది. ఇదే కొనేస్తాను అనుకుంది.

హెడ్‌ఫోన్స్ తీసింది.

ఏదో తక్కువైంది. వాన వినిపిస్తోంది. ఫ్రిజ్ వినిపిస్తోంది. మేడమీద... పట్టీలు లేవు. రాగం లేదు.

తలుపు తెరుచుకుంది. గుమ్మంలో స్టెఫీ, చేతిలో చేపల పులుసు గిన్నె. నోరు కదుపుతోంది.

"ఏటే, గొంతు పోయిందా?" నవ్వబోయింది రోజలిన్.

స్టెఫీ మళ్ళీ నోరు తెరిచింది. మెడ నరాలు ఉబ్బాయి. ఏమీ రాలేదు. చేతిలోంచి గిన్నె జారింది. స్టీలు గిన్నె. నేలకి కొట్టుకుని, గిర్రున తిరిగి, మంచం కిందకి పోయింది... చప్పుడు లేకుండా. పులుసు వాసన మాత్రం గదంతా నిండింది.

రోజలిన్ లాప్‌టాప్ ముందుకి లాక్కుంది. చేసినదాన్ని వెనక్కి తిప్పే మీట తెరమీద వెలుగుతూనే ఉంది. నొక్కితే సరి. వేలు దానిమీదకి వెళ్ళింది...

ఆగింది.

ముందు పాట పంపేద్దాం. తర్వాత తిప్పుదాం. ఎంతసేపు!

పంపింది. పాస్టరుగారు ఫోన్ పక్కనే ఉన్నట్టున్నారు, జవాబు వచ్చేసింది. 'స్టెఫీ పాడలేదేమ్మా?'

'తనకి గొంతు బాగులేదండి' అని కొట్టింది రోజలిన్. ఇప్పుడది అబద్ధం కాదు.

'అలాగా. అయితే లీడ్ నువ్వే.'

స్టెఫీ గుమ్మంలోంచి చూస్తూనే ఉంది.

రోజలిన్ గబగబా తెరవైపు తిరిగింది. వెనక్కి తిప్పే మీట పాలిపోయి ఉంది. నొక్కింది. మళ్ళీ నొక్కింది. ఉలుకూ పలుకూ లేదు. దాని కింద ఇంకో మీట మాత్రం వెలుగుతోంది. 'తీసేసిన శబ్దం మాత్రమే వినండి.'

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నొక్కింది.

ముందు హోరు. ఫ్యానుది కాదు. చాలామంది ఒకేసారి ఊపిరి పీలుస్తున్నట్టు... పాడబోతున్నట్టు...

"అక్కా..."

"స్టెఫీ?"

"నాను ఏటైపోయానక్కా? సీకటిగా ఉంది."

గుమ్మంలో నిలబడ్డ స్టెఫీ పెదాలు కదల్లేదు.

"లాగక్కా నన్ను. ఇక్కడ... ఎవరో ఉన్నారు."

"ఎవరే?"

"తెలీదు. నువ్వున్న సోటుకి వత్తాదంట. నన్ను జరగమంటంది."

"జరక్కు! స్టెఫీ... జరక్కే..."

గుమ్మంలో స్టెఫీ కొంగు దగ్గరకి తీసుకుంది. పాటల వరసలోకి ఆలస్యంగా వచ్చినవాళ్ళకి చోటిచ్చినట్టు, మర్యాదగా ఓ అడుగు పక్కకి జరిగింది.

ఆమె వదిలిన చోట ఎవరూ లేరు.

అక్కడ పరిచిన కాళ్ళు తుడుచుకునే పట్టా మాత్రం, ఎవరో బరువుగా కాలు మోపినట్టు, మెల్లగా అణిగింది.