మూలకి మసి రాసిన కార్డు

ఇలా దగ్గరికి జరుగమ్మా, ఆ ఫోను కాసేపు బోర్లా పెట్టు. మలికిపురంలో ఉండే కృపావతి సంగతి చెబుతాను. నవ్వులాటగానే మొదలవుతుంది గానీ మధ్యలో ఒక చావుంది. ముందే చెబుతున్నాను, కుదురుగా కూచుని విను.

ఆదివారం పొద్దున్న, ఆరాధనకి ఇంకా టైముంది. కృపావతి పొయ్యి దగ్గర పెసరట్టు తిరగేస్తూనే రెండో చేత్తో ఫోను చూసుకుంటోంది. డెబ్భై రెండేళ్ళ మనిషి. నలభై మంది చుట్టాలున్న వాట్సాప్ గ్రూపులో ఎవరికి పెళ్ళి కుదిరినా, ఎవరు పోయినా, మొదటి కబురు ఆవిడదే అవ్వాలి. ఆ పొద్దున్న ఎక్కడో లారీ గుద్దేసిన మనిషి ఫొటో పెట్టింది, నెత్తురుతో సహా.

రామచంద్రపురం కాలేజీ నుంచి సెలవుకొచ్చిన మనవరాలు శారోన్ అది చూసి కంచం పక్కకి జరిపేసింది. ఇలాంటివి పెట్టేముందు "చావు ఫొటో వస్తోంది, చూడలేనివాళ్ళు తెరవకండి" అని ఒక్క ముక్క రాయండని ఆ పిల్ల గ్రూపులో ఎప్పుడో అడిగింది. సగం మంది సరేనన్నారు. మిగతావాళ్ళు నవ్వే బొమ్మలు పెట్టేరు. వాళ్ళలో నాన్నమ్మే మొదటిది.

"మా అత్తగారు పోతే నేనే నీళ్ళు పోసి, చీర కట్టి, పెట్టెలో పడుకోబెట్టేనే. మీకు ఫొటో చూడ్డానికి కూడా ముందు దండోరా వెయ్యాలా? ఇంత మెత్తగా ఉంటే రేపు ఎలా బతుకుతారు?" అంది కృపావతి.

"నువ్వు తెలిసి వెళ్ళి చేసేవు నాన్నమ్మా. అది చెప్పాపెట్టకుండా నీ మొహం మీద పడలేదు."

కోడలు జెస్సీ మధ్యలోకి రాలేదు. బళ్ళో టీచరు, మాట తక్కువ. పరాయిది కూడా కాదు, కృపావతి తమ్ముడు నతానియేలు కూతురే.

బుధవారం నాడు రాజోలులో ఆ నతానియేలు స్నానానికని లేచి కుర్చీలో కూలబడిపోయేడు. అక్క ఆటో ఎక్కి వెళ్ళేసరికే అయిపోయింది. ఆవిడ కొడుకు, జెస్సీ మొగుడు బెంజమిన్ ఫోన్లో ఒకటికి రెండుసార్లు చెప్పేడు, ఎవరికీ చెప్పకమ్మా, జెస్సీని బడి నుంచి నేనే తీసుకొస్తాను, దార్లో మెల్లిగా చెబుతాను అని. ఆయ్, అలాగే అంది.

అంది గానీ, దవడకి గుడ్డ కట్టి, ముక్కులో దూది పెట్టి పడుకోబెట్టిన తమ్ముణ్ణి చూసేక ఆవిడకి చెయ్యి ఆగలేదు. పెద్దక్క తను ఉండగా కబురు ఇంకొకరి చేతి మీదుగా వెళ్ళడమేమిటి? జెస్సీ బళ్ళో ఫోను ముట్టదులే అనుకుంది. ఫొటో తీసి గ్రూపులో పెట్టేసింది.

పిల్లల హాజరు ఇప్పుడు ఫోన్లోనే వేస్తారని ఆవిడకి తెలుసమ్మా. కోడలు రోజూ విసుక్కుంటూనే ఉంటుంది. ఆ కాస్సేపూ తెలియనట్టు ఉండడం ఆవిడకి సులువైంది. తర్వాత ఆవిణ్ణి కుళ్ళబొడిచింది అదే.

జెస్సీ హాజరు వెయ్యబోయి ఫోను తీసింది. మూడో తరగతి పిల్లలందరూ చూస్తుండగా నేల మీద కూచుండిపోయింది. బెంజమిన్ వెళ్ళేసరికి ఒక చిన్నపిల్ల టీచరుకి నీళ్ళసీసా మూత తీసి ఇస్తోందట.

సమాధి అయ్యింది. సంఘమంతా కూడి ఓదార్చే ఆదరణ కూటమూ అయ్యింది. జెస్సీ వంట చేస్తుంది, బడికి వెళ్తుంది, అత్త మాత్రలు అత్తకి అందిస్తుంది. కంట నీరు లేదు, నోట మాట లేదు. కృపావతి ఆ ఫొటో తీసేసింది గానీ తియ్యవలసిన చోట తియ్యలేకపోయింది. ఇంట్లో ఒక్కరూ ఆవిణ్ణి పల్లెత్తు మాట అనలేదు. తిడితే బాగుండునని కుమిలిపోయింది. చర్చిలో ముందు చోటు వదిలేసి వెనక చాప మీద కూచోవడం మొదలెట్టింది.

ఓ పొద్దున్న బెండకాయలు తరుగుతున్న కోడలి పక్కన చతికిలబడి, "నన్ను తిట్టవే తల్లీ" అంది.

జెస్సీ కత్తిపీట మీంచి తల ఎత్తలేదు. "తిట్టి ఏం చెయ్యను అత్తా. నాన్న అనుకుంటే నాన్న రావట్లేదు, ఆ దూదే కళ్ళ ముందుకి వస్తోంది. ముప్ఫై ఎనిమిదేళ్ళు చూసేను ఆయన్ని. ఆ ఒక్క ఫొటో అన్నిటికీ అడ్డంగా నించుంది."

కృపావతికి అప్పుడు, అదేమిటో, యాభై నాలుగేళ్ళ కిందటి సంగతి ఒకటి గుర్తొచ్చింది.

కాపరానికి వచ్చిన కొత్తలో పోస్టుమేను సుబ్బరాజుగారు సైకిలు దిగి, కార్డు చొక్కాకి అదిమిపెట్టుకుని నిలబడ్డాడు. మజ్జిగ ఉంటే పొయ్యమ్మా అన్నాడు, మీ అత్తగార్ని పిలువమ్మా అన్నాడు. అప్పుడు కార్డు తిప్పేడు. మూలకి నల్లగా మసి రాసుంది, ఆ రోజుల్లో చావు కబురుకి అదే గుర్తు. అది చూసి కృపావతి అరుగు మీద కూచుంది. అత్తగారొచ్చి భుజం పట్టుకున్నాక, అప్పుడు చదివేడాయన, కృపావతి నాన్న పోయేడని. చావు కార్డు ఇంట్లో ఉండకూడదని అత్తగారు అక్కడే చింపేసింది.

"ఆ మసి ఎవరు రాసేరో తెలుసా?" అంది కృపావతి. "మీ నాన్నే. పద్నాలుగేళ్ళవాడు. కార్డు రాసి, కుండ అడుగు వేలితో గీకి మూలకి పూసేడట. తర్వాత అడిగితే ఏమన్నాడో తెలుసా? చదివేముందు అక్క కూచోవాలి కదా, అన్నాడు."

జెస్సీ చెయ్యి ఆగిపోయింది.

"నన్ను కూచోబెట్టేడే వాడు. వాడి కూతుర్ని నేను నిలబెట్టి కొట్టేను."

జెస్సీ చేతిలో బెండకాయ కింద పెట్టింది. తర్వాత, "ఏ వేలితో అత్తా?" అని అడిగింది. కృపావతి తన చూపుడువేలు చూపించింది. కోడలు ఆ వేలు పట్టుకుని, వారం రోజుల ఏడుపూ అప్పుడు ఏడ్చింది.

ఆ సాయంత్రం శారోన్ ఫోను పట్టుకుంటే కృపావతి గ్రూపులో నలభై మందికీ తన గొంతుతోనే చెప్పింది, తప్పు నాది, ఆ పిల్ల అడిగినప్పుడు నవ్వేను, ఇకనుంచి ముందు ఒక ముక్క రాయకుండా అలాంటి ఫొటో పెట్టను, మీరూ పెట్టకండి అని. ఈసారి నవ్వే బొమ్మలు రాలేదు.

రోజూ పొద్దున్న కూరలు తరిగేటప్పుడు తమ్ముడి చిన్నప్పటి సంగతి ఒకటి చెబుతోందట కోడలికి. దూది ఇంకా పూర్తిగా పోలేదు. కాస్త పక్కకి జరిగిందంటుంది జెస్సీ.

నువ్వూ ఇది మర్చిపోకు తల్లీ, నీ వాళ్ళకి చెప్పు. చెప్పేముందు మటుకు వాళ్ళని కూచోబెట్టు.