టర్బో చల్లారే లోపు

ఆ కారు ఇంకా ఉంది. మొన్న సర్వీసుకి తీసుకెళ్తే మెకానిక్ బానెట్ ఎత్తి, తల వంచి కాసేపు విని, "ఒక లీటరు టర్బో పెట్రోలు. ఈ వయసులో ఇంత నెమ్మదిగా మోగుతోందంటే ఎవరో కంటికి రెప్పలా చూసుకున్నారండీ" అన్నాడు. కారు తెచ్చిన ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఎవరు చూసుకున్నారో చెప్పాలంటే, ఆ ఇంజిన్ ఇంకా బజారులోకి రాని రోజుల దగ్గర మొదలుపెట్టాలి మరి.

అప్పటికి ఆయన ఇంకా 'ఆయన' కాలేదు, ఉత్త 'అతను'. కార్ల కంపెనీలో బ్రోచర్లు రాసేవాడు. కాగితం మీద మాటలు కోటలు దాటేవి. ఎదురుగా మనిషి నిలబడితే మాత్రం నోరు పెగిలేది కాదు. టెస్ట్ ల్యాబ్ వాళ్లు అతనికి బ్రోచర్ బాబు అని పేరు పెట్టేశారు.

కొత్త ఇంజిన్ గురించి రాసింది పట్టుకుని, సంతకం కోసం మొదటిసారి ల్యాబ్‌కి వెళ్లాడు. దాన్ని పరీక్షించే ఇంజనీరమ్మాయి చెవులకున్న ఇయర్‌మఫ్స్ మెడలోకి జార్చి, కాగితం చదివి, పెన్ను మూత తీసింది.

"'తొక్కిన మరుక్షణమే పరుగు' అని రాశారేంటి?"

"బావుంటుందని."

"బావుంది. నిజం కాదు, అంతే." పెన్నుతో ఇంజిన్ వైపు చూపించింది. "పొగ గొట్టంలోంచి పొగ గట్టిగా తోస్తేనే టర్బో తిరుగుతుంది. నెమ్మదిగా వెళ్తూ ఒక్కసారి తొక్కారనుకోండి, ముందు కాసేపు ఆలోచించుకుంటుంది. తర్వాత పరిగెడుతుంది."

"ఆలోచించుకుని పరిగెట్టడం మంచిదే కదండీ."

"లారీని ఓవర్‌టేక్ చేసేటప్పుడు కాదు."

ఆ వాక్యాన్ని అడ్డంగా కొట్టేసింది. దాని కింది వాక్యానికీ అదే గతి పట్టింది. అతనికి కోపం రావాలి గానీ, వంచిన ఆ తల మీద నుంచి చూపు తిప్పుకోవడమే చేతకాలేదు.

"పోనీ, 'పిట్ట కొంచెం కూత ఘనం' అని రాయనా? చిన్న ఇంజినే గానీ పెద్దదాని బలం ఇస్తుంది కదా."

అప్పుడు నవ్వింది. "అది రాయండి. సంతకం పెడతాను."

ఆ నవ్వుతో అతని పని అయిపోయింది. ఆ తర్వాత లేని సందేహాలు పుట్టించుకుని మరీ ల్యాబ్‌కి వెళ్లేవాడు. హార్స్‌పవర్ అంటే గుర్రమేనా, ఏ రకం గుర్రం అని కూడా ఒకసారి అడిగాడు. ఆవిడ ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. అయినా తెలియనట్టే జవాబు చెప్పేది.

అప్పుడే ఇంజిన్‌కి అసలు పరీక్ష మొదలైంది. నెలల తరబడి దాన్ని నిండు బలంతో తిప్పాలి, చల్లార్చాలి, మళ్లీ తిప్పాలి. గట్టిదో కాదో అలాగే తేలుతుంది. నిండు బలంతో తిరిగేటప్పుడు టర్బో ఎర్రగా కాలి నిప్పుకణికలా ఉంటుంది. దాన్ని ఒక్కసారిగా ఆపకూడదు. ఆపితే లోపలి నూనె కదలకుండా నిలిచిపోయి మాడుతుంది, ఇరుసు తిరిగే బేరింగు పాడవుతుంది. అందుకని కాసేపు ఖాళీగా తిరగనిచ్చి, ఎరుపు తగ్గాకే ఆపాలి. చల్లారేదాకా అక్కడినుంచి ఎవరూ కదలకూడదన్నది ల్యాబ్ పెద్దాయన పెట్టిన నియమం.

ఆ చల్లారే కాసేపూ వాళ్లిద్దరిదీ. అద్దం ఇవతల రెండు స్టూళ్లు, రెండు టీ కప్పులు. రేకుల మీద వాన పడుతుంటే ఆవిడ పిన్ని గురించి చెప్పేది. చిన్నప్పటినుంచీ పెంచింది ఆ పిన్నే. మీరు కాస్తా నువ్వు అయింది అక్కడే. ఎంత బావుండేవో ఆ సాయంత్రాలు. అతను చెప్పాలనుకున్న మాట మాత్రం గొంతు దాటేది కాదు.

పరీక్ష చివరి వారంలో ఆవిడే మాట కదిపింది.

"పిన్ని ఒక సంబంధం చూసింది. మంచివాళ్లట. ఈ వారంలో అవునో కాదో చెప్పమంటోంది."

"ఓహో," అన్నాడు అతను.

"ఓహో ఏంటి?"

"అంటే... మంచివాళ్లయితే మంచిదే కదా."

ఆవిడ అతని వంక ఒక చూపు చూసి కప్పు పట్టుకుని లేచిపోయింది. ఆ చూపుకి టీ చల్లారిపోయిందంటే నమ్మాలి. అతను ఇంటికెళ్లి గోడకి తల కొట్టుకోవడం ఒక్కటే తక్కువ. ఆలస్యం అమృతం విషం అని ఊరికే అన్నారా.

చివరి రోజు వచ్చింది. ఇంజిన్ నిండు బలంతో ఆఖరి విడత తిరుగుతోంది. ఇవాళ తాడో పేడో తేల్చుకోవాలని అతను ల్యాబ్‌కి వచ్చాడు. పక్క గది అద్దంలోంచి ఆవిడ ఫోన్లో మాట్లాడుతూ కనిపించింది. నవ్వుతోంది, తల ఊపుతోంది, కళ్లు తుడుచుకుంటోంది. పిన్నితోనే అయుంటుంది, ఒప్పేసుకుంది అనుకున్నాడు.

ఆవిడ బయటికి వచ్చింది. అతను నోరు తెరిచాడు. ఇన్నాళ్లకి మాట వచ్చింది గానీ ఇంజిన్ హోరులో అతనికే వినపడలేదు. చుట్టూ చూశాడు. ఎర్ర బటన్ కనిపించింది. నొక్కేశాడు.

ల్యాబ్ అంతా చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం.

"నువ్వంటే నాకు ఇష్టం. ఆ సంబంధం ఒప్పుకోకు," అన్నాడు.

ఆవిడ అతన్ని చూడటం లేదు. అద్దం అవతల ఎర్రగా కాలుతూ ఆగిపోయిన టర్బోని చూస్తోంది.

"ఏం చేశావో తెలుస్తోందా నీకు? నెలల కష్టం. బేరింగు మాడితే మొత్తం మళ్లీ మొదటినుంచీ చెయ్యాలి."

అతని ప్రాణం కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంది. "పెద్దాయనకి నేనే చెప్తాను," అని నేరుగా వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఎందుకు నొక్కాడో కూడా దాచలేదు. నిండా మునిగినవాడికి చలేమిటి.

పెద్దాయన అంతా విని, "రేపు ఇంజిన్ విప్పుతాం. నువ్వూ వచ్చి చూడు," అన్నాడు.

మర్నాడు ముగ్గురూ బల్ల చుట్టూ నిలబడ్డారు. ఆవిడ పలకరించలేదు. టర్బోని ఒక్కో ముక్కా విప్పింది. బేరింగు మీద ఒకచోట సన్నగా నల్ల మరక ఉంది. ఆవిడ ఇరుసుని వేలితో తిప్పింది. ఎక్కడా పట్టకుండా, చప్పుడు లేకుండా తిరిగింది. మళ్లీ తిప్పి చూసింది. మళ్లీ తిరిగింది.

పెద్దాయన కళ్లజోడు తీశాడు. "జరిగింది జరిగినట్టు రిపోర్టులో రాయమ్మా. ఇతగాడి తెలివితక్కువతనాన్ని తట్టుకుందంటే, ఇక జనం దీన్నేం చెయ్యలేరు." గుమ్మం దగ్గర ఆగి, "ఆ బటన్‌కి మాత్రం ఒక మూత పెట్టించు," అని వెళ్లిపోయాడు.

అతను అక్కడే నిలబడ్డాడు. "మరి... నా సంగతి?"

"ఏం సంగతి?"

"నిన్న అడిగింది. ఫోన్లో మీ పిన్నికి సరే అన్నావు కదా. చూశాను."

ఆవిడ చేతులకున్న నూనె గుడ్డతో తుడుచుకుంది. తొందరేమీ పడలేదు.

"వద్దని చెప్పాను. ఎందుకే అంటే, ఇక్కడ ఒకడున్నాడు, ఎప్పుడు నోరు విప్పుతాడో తెలీదు, అయినా ఎదురుచూస్తాను అన్నాను. పిన్ని నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. బయటికొచ్చేసరికి నువ్వు ఇంజిన్ ఆపేశావు."

అతనికి మళ్లీ మాట పోయింది. ఈసారి ఆవిడ దానికోసం ఎదురుచూడలేదు, చెయ్యి పట్టుకుంది. నూనె మరక అతని తెల్ల చొక్కా కఫ్‌కి అంటింది. ఆ చొక్కా అతను ఇక ఉతకనివ్వలేదు.

ఆ ఆదివారం ఆవిడ అతన్ని ఇంటికి తీసుకెళ్లింది. పిన్ని తలుపు తీసి ఎగాదిగా చూసింది. అతను దారి పొడవునా బట్టీ పట్టిన మాటలన్నీ గుమ్మంలోనే మర్చిపోయి, నమస్కారం పెట్టి అలాగే నిలబడ్డాడు.

"ఏడాదినుంచీ రోజూ అన్నం దగ్గర తిడుతున్నావే," అంది పిన్ని, ఆవిడ వైపు తిరిగి, "ఆ అబ్బాయేనా?"

"ఆ అబ్బాయే పిన్నీ."

"అయితే లోపలికి రా బాబూ. నీ గురించి నాకు తెలియనిది ఏమీ లేదు."