బొంబాయి తొవ్వల తలకాయ లేనిది

మల్లాపూర్ దిక్కెల్లి కోరుట్లకు ఒక పాత తొవ్వ ఉన్నది. బొంబాయి తొవ్వ అంటరు. కరువు కాలంల మనోళ్ళు మూటలు నెత్తిన పెట్టుకోని గా తొవ్వెంబడే నడుసుకుంట పోయిండ్రట. పోయినోళ్ళల్ల శానమంది మల్ల రాలే...

అందుకే నడిమిట్ల ఒర్రె, గా చిన్న వాగు కాడికి అచ్చేసరికి ఎంతటోడైనా బండి దిగాలె. చేత్తోని నూక్కుంట దాటాలె. దిగనోనికి — ఠక్... ఠక్... అని రాళ్ళు కొట్టుకునే సప్పుడు ఇనవడ్తదట. తెల్లగ, తలకాయ లేనిది ఒకటి ఎదురస్తదట.

సారయ్యకు గివన్ని తెలుసు. తెలిసే నవ్వుతడు. "దుబాయి ఎడారిల ఒంటిగ పండుకున్నోణ్ణి, నాకు దెయ్యమేందిరా" అంటడు. ఇంట్ల బల్లి వడితె మంచమెక్కుతడు, గది ఏరే ముచ్చట.

గా రాత్రి ఆయన మల్ల దుబాయి పోతుండు. బోరు ఎండింది, పొలం బీడువడ్డది, ఎన్ని తిప్పలు వడితెనో గీ వీసా అచ్చింది. కోరుట్లల బొంబాయి బస్సు తప్పితె విమానం తప్పుతది. విమానం తప్పితె వీసా పాయె. పెద్ద రోడ్డు మీద లారీ అడ్డం వడ్డదని, దోస్తు మజర్ ఆటోను పాత తొవ్వకు తిప్పిండు.

సన్నగ తుంపర. ఒర్రె కాడ మజర్ ఆటో ఆపిండు.

"భయ్యా... దిగు జర."

"నువ్వు సుత నమ్ముతవారా?"

"నమ్ముడు కాదు భయ్యా. మా అబ్బాజాన్ దిగిండు, నేను దిగుత. తొవ్వకు గంత ఇజ్జత్ ఇయ్యాలె."

"నీ ఇజ్జత్ సల్లగుండ, బస్సు పోతదిరా!"

మజర్ దిగిండు. ఎన్కకెల్లి నూకుతుండు. సారయ్య దిగలే — సూట్‌కేసు ఒళ్ళె పెట్టుకోని, పెండ్లి పిలగాని లెక్క కూసున్నడు.

ఠక్...

"మజరూ, ఏం సప్పుడురా?"

"నేను... నూకుతున్న భయ్యా. గంతే."

ఠక్... ఠక్...

ఆటో లైటు ముంగటికి వడ్డది. గా ఎలుగుల — తెల్లగ... పొట్టిగ... తలకాయ లేదు. చేతుల ఇంత పెద్ద రాయి.

సారయ్య సూట్‌కేసు నెత్తిమీద పెట్టుకున్నడు. "అంజన్నా... కొండగట్టు అంజన్నా..." అన్నడు. అది ఆగలే. "మజరూ... మీ దాంట్ల గిసొంటిదానికి ఏమన్న ఉంటె సదువురా!"

మజర్ ఆటో ఎన్కకు నక్కిండు.

అది దగ్గరకచ్చింది. గుసగుసగ —

"దిగవారా... కొడుకా?"

సారయ్య దిగిండంటె అబద్ధం. వడ్డడు. బురదల బోర్ల వడ్డడు. సూట్‌కేసు ఆయన మీద వడ్డది.

అది వంగింది. నెత్తిమీదికెల్లి తెల్ల యూరియా సంచి తీసింది.

బుచ్చవ్వ! ఒర్రె అవుతల గుడిసెల ఉండే బీడీల బుచ్చవ్వ. వానకు సంచి కప్పుకున్నది.

"ముంగట సూడురా, గుడ్డోడా!"

సూసిండ్రు. ఒర్రె మీది మోరి సగం లేదు. నిన్నటి వానకు కొట్టుకపోయింది. ఇంకింత నూకితె ఆటో, వీసా, పెండ్లి పిలగాడు — అన్ని ఒర్రెలనే.

"గీ చీకట్ల నీకేం పనే అవ్వ?" అన్నడు సారయ్య.

"పొద్దంత బీడీలు చెయ్యాలె గద. గుంతలు పూడ్సుడు గిప్పుడే." రాయి గుంతల పెట్టి, ఇంకో రాయితోని గట్టిగ కొట్టింది. ఠక్. "మా ఇంటాయన ఐలయ్య గీ తొవ్వెంబడే బొంబాయి పోయిండు, కొడుకా. నన్ను మళ్ళి మళ్ళి సూసుకుంట పోయిండు. తొవ్వ ఖరాబైతె... ఎట్ల అస్తడు?"

ఐలయ్య పోయిన నాడు సారయ్య పుట్టనే పుట్టలే.

ఆయనకు గడపల నిలవడి సాగదోలిన పెండ్లాం సత్తవ్వ యాదికచ్చింది. సారయ్య లేసి, పాయింటు మలుసుకోని గుంతల దిగి, "అవ్వ... ఆ రాయి ఇటియ్యి" అన్నడు.

గప్పుడే మజర్ ఫోన్ మోగింది. బస్సు క్లీనర్ గంగారాం.

"ఏడ ఉన్నరయ్యా? బస్సు కదుల్తుంది!"

"అన్నా, ఒర్రె కాడ... సారయ్య భయ్యాకు దెయ్యం కనవడ్డది!"



"దిగిండా... లేదా?"

"దిగిండన్నా. గిప్పుడు రాళ్ళు మోస్తుండు."

"దెయ్యమే మోయుమన్నదా?"

మజర్ బుచ్చవ్వ దిక్కు సూసిండు. బుచ్చవ్వ సారయ్య దిక్కు సూసి, "అది కాదురా, పెద్దది తే" అని కసురుకున్నది.

"ఆ అన్నా... అదే మోయిపిస్తుంది."

ఫోన్ల గంగారాం గొంతు సన్నవడ్డది.

"అయితె బస్సు ఆపుత. పని నడిమిట్ల ఇడ్సిపెట్టి రావద్దను... ఎన్కవడి అస్తది."